అవతలి పోటు

మాఘ శుద్ధ తదియ

సముద్రశాస్త్ర ఆచార్యుడిగా ఈ పూట కొలువులో చేరాను. సముద్రం గురించి నాకు తెలిసినవి రెండే. అది ఉప్పగా ఉంటుంది. మా తాలూకా కచేరీని బీరువాలతో సహా మింగింది. నేను ఇంటర్మీడియట్ రెండో ఏడు చదువుతుండగా మా కాలేజీని కూడా మింగింది కాబట్టి, నేను పరీక్ష తప్పానని ఇప్పుడు ఎవడూ రుజువు చేయలేడు.

నా అసలు వృత్తి తనిఖీ ఆచార్యుడు. సర్కారు వారి విశ్వవిద్యాలయాలు నీళ్ళ కిందికి పోయాయి గానీ, చదువుకోవాల్సిన పిల్లలు పోలేదు, పుడుతూనే ఉన్నారు. అందుకని ఈ మునకసీమలో ఉప్పుకయ్యల పొడుగునా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు లేచాయి. వాటికి చోటు దొరికింది, పిల్లలు దొరికారు, ఆచార్యులే దొరకలేదు. తనిఖీ పడవ వస్తోందన్న కబురు పుట్టగానే నాలాంటి వాళ్ళకు పిలుపొస్తుంది. కోటు మాది, సబ్జెక్టు వాళ్ళది. కిందటేడు ఒకే అధికారికి పొద్దున వృక్షశాస్త్రంగానూ, మధ్యాహ్నం ఇంకో ఒడ్డున అర్థశాస్త్రంగానూ దర్శనమిచ్చాను. మధ్యలో పడవలో మీసం తీసేశాను, అంతే.

ఇక్కడ బోధించేవాళ్ళంతా ఏ తిథినాడు ఏం జరిగిందో రాసి ఉంచాలట. పోటూ పాటూ తిథిని బట్టే నడిచే చోట తారీఖులతో పనేముంది. సరే, రాస్తున్నాను.

పడవ మలుపు తిరగ్గానే ఆ భవనం కనబడింది. ఇప్పటికి చాలా విశ్వవిద్యాలయాల్లో భోజనం చేశాను గానీ ఇలాంటిది చూడలేదు. నీళ్ళలోంచి తెల్లగా లేచింది. ఎక్కడా ఇటుక లేదు, అతుకు లేదు. శంఖాన్ని నిలువునా నిలబెట్టి లోపల మనుషుల్ని పెట్టినట్టుంది. మెట్లు ఆల్చిప్ప గీతల్లా మెలికలు తిరుగుతూ పైకి పోయాయి. అన్నిటికన్నా ఎత్తున స్నాతకోత్సవ గోపురం. దాని కొన ఇంకా పచ్చిగా, తడిగా, ఎండలో మీగడలా మెరుస్తోంది. అంటే పెరుగుతోందన్నమాట. నేను దిగడం మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడితే పడవవాడు తెడ్డుతో వీపులో పొడిచాడు.

విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ కట్టరు, పెంచుతారు. ఆ రాయి పేరు పలుకురాయి. నత్త తన గుల్లను కట్టుకున్నట్టే ఈ రాయిలోని కంటికానని పురుగులు సముద్రపు నీటిలో సున్నాన్ని పట్టి గోడ కడతాయి. ఊరికే కట్టవు. దగ్గర్లో మనిషి గొంతు వినబడాలి. గొంతుకు గోడ అదిరితే అవి కదులుతాయి, కదిలితే కడతాయి. ఎన్ని గదులు పెరిగితే అన్ని సీట్లు.

ఛాన్సలర్ జగ్గారాయుడు గారు రేవులోనే ఎదురయ్యారు. ఒకప్పుడు రొయ్యల చెరువుల ఆసామీ. పట్టుపంచె ఎగ్గట్టి, బకెట్టుతో స్వయంగా గోడకు ఉప్పునీళ్ళు కొడుతున్నారు.

"ఏవయ్యా, సముద్రం నువ్వేనా?" అన్నారు.

"ఆయ్, నేనేనండి" అన్నాను.

మధ్యాహ్నం నాకు కేటాయించిన గదిలోకి వెళ్ళి, అలవాటు కొద్దీ గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూశాను. లోపల్నించి డొల్ల శబ్దం వచ్చింది. పక్క గోడా అంతే. పొరలు పొరలుగా పూతరేకులా ఉంది. పైకి చూస్తే ఇంద్రభవనం, వేలితో కొడితే మిఠాయి.

చవితి

ఈ పొద్దు పనులన్నీ చూశాను. తెల్లారగానే అందరూ గోడలు తడపాలి. పాచి గీకాలి. నీళ్ళు వచ్చిపోయే తూముల్లో నాచు లాగెయ్యాలి. ఆచార్యుడినైనా సరే వదలరు. నా కోటు అంచులు అప్పుడే ఉప్పుతో అట్టకట్టాయి.

ఆ తర్వాత గోడలకు మేత. ప్రతి గదిలోనూ ఒక స్పీకరు ఉంది. ఒకప్పుడు ఇక్కడ నిజం ఆచార్యులే ఉండేవారట. అవతలి ఒడ్డున పెద్ద విశ్వవిద్యాలయం పెరిగాక ఒక్కొక్కరే అటు జారుకున్నారు. పోతూ పోతూ పాఠాలు రికార్డు చేసిచ్చారు. ఆ పాఠాలే పొద్దుగూకేదాకా గోడలకు వినిపిస్తారు. విద్యార్థులు ఎదురుగా కూర్చుంటారు. నోరెత్తకూడదు. పిల్లల గోల పడితే గోడలో ముడులు పడతాయనీ, నికార్సైన ఉపన్యాసం ఒక్కటే పడితే నున్నగా పెరుగుతుందనీ రాయుడు గారి నమ్మకం. ఎటు చూసినా 'మాట్లాడరాదు' అన్న పలకలే. పిల్లలు వేళ్ళతో మాట్లాడుకోవడం కనిపెట్టారు. నేను లోపలికి రాగానే ఒకడు ముక్కు దగ్గర రెండు వేళ్ళు తిప్పాడు, క్లాసంతా భుజాలు కదిలిస్తూ చప్పుడు లేకుండా నవ్వింది. అర్థమేమిటో కనుక్కోవాలి.

సాయంత్రం రేవులో ఒకమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. పేరు మల్లాడి నూకరత్నం. పడవల వాళ్ళ పిల్ల, సముద్రశాస్త్రం ఆఖరి ఏడు. రేవులో మాట్లాడొచ్చు.

"మాస్టారూ, నిన్న గోడ మీద కొట్టి చూశారు కదండీ. మీకూ తెలిసిపోయిందా?"

పెద్ద మేధావిలా తల పంకించాను.

ఆమె దాపరికం లేకుండా చెప్పింది. గోడలు డొల్లగా ఉన్నాయని పోయినసారి తనిఖీలో గుర్తింపును పెండింగులో పెట్టారు. ఈ పౌర్ణమి తనిఖీయే ఆఖరు. మాఘ పౌర్ణమి పోటు ఏడాదిలోకెల్లా పెద్దది, తనిఖీ వారి పెద్ద పడవ ఇసుక మేట దాటి లోపలికి రాగలిగేది ఆనాడే. గుర్తింపు రాకపోతే ఇక్కడ చదివిన వాళ్ళందరి చదువూ చదవనట్టే లెక్క. పోటుగేటు మీద కూర్చుని పడవలకు దారి చెప్పే కొలువు కోసం ఆమె పేరు ఎంపికై ఉంది. పట్టా చూపించడమొక్కటే తరువాయి.

"ఇప్పటిదాకా మా వోళ్ళలో ఎవరూ ఆ గేటు మీద కూచోలేదండి. ఎప్పుడూ కిందనుంచి అరిచేవోళ్ళమే" అంది. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు నిజం మాస్టారేనా అండీ?" అంది.

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

"కోటు మీది కాదనుకుంటన్నాను. చేతులు పొడుగున్నాయి."

షష్ఠి

ఆ స్పీకరు గొంతు వినీవినీ నా చెవుల్లో సున్నం పేరుకుంది. అందుకని పొద్దున రేవులో చేపల వేలంపాట మొత్తం రికార్డు చేసుకొచ్చి, మా గదిలో సముద్ర లవణీయత మీద ఉపన్యాసం ఉండాల్సిన చోట అది పెట్టేశాను. క్లాసు మొదలైంది. 'పండుగప్ప పాట పాడండి, పాట పాడండి' అని ఒకావిడ కేక, 'అది పండుగప్పా, నీ మొహం' అని ఇంకొకావిడ జవాబు, బేరాలు, బూతులు. పిల్లలు నవ్వు ఆపుకోలేక బెంచీల కింద దూరారు. మౌనం విరిగిపోయింది.

రాయుడు గారు పరుగెత్తుకొచ్చారు. పిల్లల ముందు ఏమీ అనలేదు. బయటికి తీసుకెళ్ళి మాత్రం, పౌర్ణమి కాగానే నన్ను ఏ మేట మీద దింపుతారో వివరంగా చెప్పారు. అక్కడ పడవలు ఆగవట.

సప్తమి

 ఇది ఎవరూ నమ్మరు, అయినా రాస్తున్నాను.

పొద్దున గోడ తడపబోతుంటే మా గది గోడ మీద కొత్త పొర కనిపించింది. నిన్నటిదాకా ఉన్న పొరలు గోరుతో గీస్తే రాలేవి. ఇది ఏనుగు దంతంలా బిగువుగా ఉంది. వేలితో కొట్టాను. శబ్దం రాలేదు. గోడ నా దెబ్బను మింగేసి ఊరుకుంది. పిడికిలితో కొట్టాను. పిడికిలే నొచ్చింది.

దగ్గరగా చూస్తే పొరమీద సన్నటి గీతలు, అలలు ఇసుక మీద వదిలిన గుర్తుల్లాంటివి. ఒక గీత వచ్చి ఆగిన చోట ఇంకోటి దానికి అడ్డం పడింది. దాని మీద మరొకటి. చాపనేతలా కలిసిపోయాయి. పక్క గదిలో చూశాను. అక్కడ ఉపన్యాసం గీతలన్నీ ఒకే వైపు, ఒకదాని పక్కన ఒకటి. ఒకదాన్నొకటి తాకనే లేదు.

ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు పండుగప్ప కోసం తిట్టుకున్న తిట్లు రాయిగా మారి నా ముందు నిలబడి ఉన్నాయి. నేను జీవితంలో చాలామందిని ఏడిపించాను గానీ, ఒక గోడ చేతిలో ఇలా బోల్తాపడటం ఇదే మొదలు. చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

రాయుడు గారిని పిలుచుకొచ్చాను. ఆయనా కొట్టి చూశారు. చెవి ఆనించి చూశారు. తర్వాత చాలా గంభీరంగా, "అన్ని గదుల్లోనూ చేపలే పెట్టించు" అన్నారు.

నవమి

విశ్వవిద్యాలయం మొత్తం పండుగప్ప అమ్ముతోంది. న్యాయశాస్త్రంలో అదే, గణితంలో అదే, గోపురంలో మరీ గట్టిగా. రేవులోకొచ్చిన పడవవాళ్ళు ఇక్కడ చేపలు చవకేమోనని మెట్లెక్కి వచ్చేశారు. పిల్లలు మాత్రం మళ్ళీ మౌనం. కొత్త పాఠం దొరికింది గానీ పాత నియమం పోలేదు.

దశమి

పెరుగుదల ఆగిపోయింది. ఎక్కడా కొత్త పొర లేదు. నిన్న మొదటిసారి విన్నప్పుడు కట్టిన కాసింత తప్ప, ఆ తర్వాత ఎన్నిసార్లు వినిపించినా రాయి కదల్లేదు. పాత ఉపన్యాసాల్ని కొత్తగా పెరిగిన గదులకు మారుస్తుంటే ఇన్నాళ్ళూ తెలియలేదు గానీ, విన్న మాట రాయి మళ్ళీ వినదట. మా క్లాసు పిల్లలకన్నా నయం, వాళ్ళు మూడేళ్ళుగా అవే వింటున్నారు.

గోపురం మొదట్లో వేలు దూరేంత పగులు పడింది. నూకరత్నం పోటు నీళ్ళ ఎత్తు చూసొచ్చి మెట్ల మీద కూర్చుంది. నాకు నవ్వులాట తోచలేదు.

రాయుడు గారు నన్ను వెంటబెట్టుకుని భవనం నడిమధ్యకు తీసుకెళ్ళారు. పాత వలలూ చీపుళ్ళూ పడేసే గది అది. తలుపు తీసి, "ఇదే మొదటి రాయయ్యా. నేనే నాటాను" అన్నారు.

అప్పట్లో ఆయనకు పాఠం చెప్పేంత చదువు లేదు. మూడో తరగతి వాచకం తెచ్చి రోజూ ఈ రాయి ముందు కూర్చుని చదివేవారట. ఆయన భార్య వలలు అల్లుకుంటూ పక్కనే ఉండేది. ఆవిడకు అక్షరం రాదు. కానీ ప్రతి వాక్యానికీ అడ్డం వచ్చేదట. నక్క ద్రాక్షపళ్ళు ఎందుకు తింటుంది, కుందేలు అన్ని మాటలు చెప్తుంటే సింహం ఎందుకు వింటూ కూర్చుంది, అది రాసినవాడు ఎప్పుడైనా అడివి చూశాడా. ఈయన కోప్పడేవారు. ఆవిడ వదిలేది కాదు.

"ఆవిడ పోయాక పోట్లాడేవాళ్ళు లేరు. ఆచార్యుల్ని పెట్టాను. భవనం సరసరా పెరిగింది. పెరుగుతోంది కదా అని సంతోషించాను" అన్నారు.

లాంతరెత్తి గోడ చూపించారు. రెండు గీతలు ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ కిందినుంచి పైదాకా పోయాయి. ఒకటి సన్నం. రెండోది దాని మీదికెక్కి లావుగా, బలంగా.

"ఆ లావుపాటిది ఆవిడ" అన్నారు రాయుడు గారు. ఆ గోడ మీద నేను కొట్టి చూడలేదు. గుడిలో గంట కొట్టడానికి కూడా అంత సందేహించి ఎరగను.

ఏకాదశి

'మాట్లాడరాదు' పలకలన్నీ రాయుడు గారే స్వయంగా పీకించారు. చీపుళ్ళ గది ఖాళీ చేయించి మా క్లాసును అందులోకి మార్చారు. "పోట్లాడుకోండర్రా" అని ఆజ్ఞాపించి వెళ్ళారు.

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మూడేళ్ళు నోరు కట్టేసి ఒక్కసారి తెరవమంటే ఏం తెరుస్తారు. ఎవరో దగ్గారు. అంతే.

నేను నాకు చాతనైన పని మొదలెట్టాను, అబద్ధాలు. మునక ముందటి మనుషులు ఉన్నచోటే పరుగెత్తే యంత్రాలు కొనుక్కుని, వాటి మీద తడిబట్టలు ఆరేసుకునేవారని చెప్పాను. ఇది నిజమే, మా ఇంట్లోనే ఉండేది. ఒక్కరూ నమ్మలేదు. పులస చేపకు పుట్టింటి మీద బెంగ పుడితే గోదావరి ఎదురెక్కుతుందన్నాను. దీన్ని కొందరు శ్రద్ధగా రాసుకున్నారు. నాకు చిరాకేసి, వీళ్ళ నోరు శాశ్వతంగా మూయించి కాస్త కునుకు తీద్దామని, చిన్నప్పుడు మా మాస్టారిని అడిగి దెబ్బలు తిన్న ప్రశ్న వేశాను. చంద్రుడు లాగితే పోటు వస్తుంది కదా. చంద్రుడు ఉన్నవైపే నీళ్ళు పొంగాలి. మరి రోజుకు రెండు పోట్లు ఎందుకొస్తున్నాయి? చంద్రుడు అవతల ఉన్నప్పుడు ఇవతల పొంగేదెవరి కోసం?

జవాబు నాకూ తెలీదు. అందుకని నేనే చెప్పాను, అవతలి సముద్రానికి అసూయ అని. చంద్రుడు తన వైపు చూడటం లేదన్న కోపంతో ఉబ్బుతుందని.

నూకరత్నం లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"తప్పండి" అంది.

"అయితే నువ్వు చెప్పమ్మడూ."

"నాకు తెలీదండి. కానీ మీరు చెప్పింది తప్పు."

వెనకనుంచి ఒక పొడుగు కుర్రాడు, రెండో పోటంటే మొదటి పోటే భూమి చుట్టూ తిరిగి రావడమన్నాడు. అలా అయితే అది చిన్నగా ఉండాలని ఇంకో పిల్ల. చిన్నగా ఉండదు, మా నాన్న రెండు పోట్లకూ ఒకే గుంజకు పడవ కడతాడని నూకరత్నం. గొంతులు లేచాయి. ఎక్కడో చిటచిటమని చప్పుడైంది. వేడి మంగలంలో పేలాలు మొదట ఒకటీ అరా పేలినట్టు. అందరం ఒక్కసారిగా ఆగిపోయాం. చప్పుడూ ఆగిపోయింది.

"ఆపకండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

త్రయోదశి

నిన్నంతా ఇవాళంతా అదే ప్రశ్న. తిండి దగ్గర, గోడలు తడిపే దగ్గర, పడవల్లో. న్యాయశాస్త్రం వాళ్ళూ వచ్చి దూరారు. వాళ్ళకు నీళ్ళ సంగతి తెలీదు గానీ ఒప్పుకోకపోవడం బాగా తెలుసు. చిటచిటలు ఆ గది దాటి, దాన్ని చుట్టుకున్న నడవాలోకీ పాకాయి.

మధ్యాహ్నం నూకరత్నం నడవాలో ముగ్గురిని వరసగా నిలబెట్టింది. ముందు పొడుగు కుర్రాడు, మధ్యన తాను, వెనక ఇంకో పిల్ల. ఎదురుగా దూరంగా రాయుడు గారిని నిలబెట్టి, ఆయన చంద్రుడంది. ఆకారం సరిపోయింది.

"చంద్రుడు దగ్గరున్నోణ్ణి ఎక్కువ లాగుతాడు. మధ్యనున్న నన్ను కొంచెం తక్కువ. అవతలున్న దాన్ని ఇంకా తక్కువ. అంతేగా? ఎవరి లాగుడుకి తగ్గట్టు వాళ్ళు నడవండి."

ముగ్గురూ రాయుడు గారి వైపు కదిలారు. కుర్రాడు గబగబా, ఆమె మామూలుగా, వెనక పిల్ల మెల్లగా. ఆమె హఠాత్తుగా ఆగి, ముందుకొకసారీ వెనక్కొకసారీ చూసింది.

"నేను భూమినండి" అంది. "ముందోడు నాకు దూరంగా పోయాడు. వెనకది కూడా నాకు దూరంగానే ఉండిపోయింది. నాకు రెండు పక్కలా నీళ్ళు దూరం జరిగాయి. అంటే రెండు పక్కలా పొంగినట్టే కదండీ. ఇవతలిది లాగితే వచ్చిన పోటు. అవతలిది వెనకబడిపోతే వచ్చిన పోటు."

 వెనక నిలబడ్డ పిల్ల, "అయితే నేను ఊరికే వెనకబడ్డందుకే పొంగానా?" అని అడిగింది. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు.

గోడ మా కళ్ళముందే పెరగడం చూశాం. చిటచిటలు వానలా కలిసిపోయాయి. పాలు కాగి మీగడ కట్టినట్టు తెల్లటి పొర కిందినుంచి పైకి జరుగుతూ వచ్చింది. ఒక గొంతు లేస్తే ఒకచోట ఉబ్బింది. దానికి అడ్డం ఇంకో గొంతు పడగానే ఆ ఉబ్బు మీదికి ఇంకోటి పాకి బిగిసింది. మనుషులు ఆలోచించడం కంటికి కనబడుతుందని నాకెవరూ చెప్పలేదు. చెబితే నమ్మేవాణ్ణీ కాదు. రాయుడు గారు చంద్రుడి స్థానంలోనే నిలబడి, కళ్ళు తుడుచుకోకుండా ఏడుస్తున్నారు.

పౌర్ణమి

తనిఖీ పడవ పోటుతో పాటే వచ్చింది. అధికారి పేరు మెహరున్నీసా గారు. చేతిలో చిన్న చెక్క సుత్తి. కిందటేడు రెండు ఒడ్డుల్లోనూ నన్ను చూసింది ఆవిడే. 

ఆవిడ గదిగదికీ వెళ్ళి గోడల మీద సుత్తితో కొట్టారు. అన్నీ డొల్ల. ప్రతి శబ్దానికీ రాయుడు గారు కాస్త కుంగారు. గోపురం ముందు ఆవిడ సుత్తి ఎత్తి, పగులు చూసి, కొట్టకుండానే దించేశారు. ఎవరూ లోపలికి వెళ్ళొద్దన్నారు. అప్పటికే నీళ్ళు మెట్లు ఎక్కుతున్నాయి. విద్యార్థులనందరినీ మధ్య గదిలోకీ, చుట్టూ ఉన్న నడవాలోకీ చేర్చాం. ఆవిడా అక్కడికే వచ్చారు. పోటు తీసేదాకా పడవ కదలదు.

నన్ను చూసి ఆగారు. "మీసం మళ్ళీ పెంచారే" అన్నారు.

నా దగ్గర మామూలుగా ఒక పది జవాబులుంటాయి. ఈసారి మాత్రం చేత్తో మీసం మూసుకున్నాను.

ఆవిడ నూకరత్నం వైపు తిరిగారు. "ఈయన మీకేం నేర్పారమ్మా?"

నూకరత్నం నన్ను చూసింది. నిజమో, తన కొలువో తేల్చుకుంటోందనుకున్నాను. నిజం చెబితే గుర్తింపు పోతుంది. అబద్ధం చెబితే ఆమె కూడా నాలాగే అయిపోతుంది.

"అన్నీ తప్పులేనండి" అంది.

"మరి?"

"అవి తప్పని మేం తేల్చామండి."

ఆవిడ సుత్తి తీసి మధ్య గది గోడ మీద కొట్టారు. శబ్దం రాలేదు. ఇంకో చోట కొట్టారు. చెవి ఆనించారు. గీతల మీద వేలు పోనిచ్చి, ఎక్కడ నేర్చుకున్నారో ఏమో, గుడ్డివాళ్ళు అక్షరాలు చదివినట్టు నెమ్మదిగా చదువుతూ పోయారు. తర్వాత ఏ ప్రశ్న మీద ఇది పెరిగిందని అడిగారు. పిల్లలు నా అసూయ కథతో సహా చెప్పారు. ఆవిడ ఒప్పుకోలేదు. నీటిని లాగుతున్నప్పుడు భూమి కూడా కదులుతుందని ఎలా తెలుసు, అది కదలకుండా ఉంటే మీ లెక్క ఏమవుతుందని ఎదురడిగారు. పిల్లలు మీదపడ్డారు. అధికారి అన్న భయం లేదు. ఆవిడా బెంచీ మీద కూర్చుని, సుత్తి పక్కన పడేసి, కొంగు బిగించి వాదనలోకి దిగారు.

అప్పుడే గోపురం పోయింది.

పెద్ద చప్పుడేం రాలేదు. పూతరేకు నీళ్ళలో వేస్తే ఎలా కరిగిపోతుందో అలా, పొర మీద పొర జారి, తెల్లగా సముద్రంలో కలిసింది. దాని వెంటే గణితం గదులు, నా పాత గది, అన్నీ. ఒక పెద్ద తెల్లటి నురగ లేచి నడవా గుమ్మందాకా వచ్చి ఆగింది. నీళ్ళు మా గోడను నాలుగు వైపులా మోదాయి.  గోడ కదల్లేదు. నీటి దెబ్బను కూడా నా వేలి దెబ్బలాగే మింగేసి ఊరుకుంది.

మిట్టమధ్యాహ్నం. పోటు నిండుకు వచ్చింది. కిటికీ అవతల ఎటు చూసినా నీళ్ళే, ఎండకు వెలుగుతూ, భవనం నడుము దాకా ఎక్కి ఊపిరి తీస్తున్నట్టు కదులుతున్నాయి.

వెనక నిలబడ్డ ఆ పిల్లే మెల్లగా అడిగింది, "ఇప్పుడు చంద్రుడు ఎక్కడున్నాడు?"

నూకరత్నం కిందికి చూసింది. కాళ్ళకేసి. "పౌర్ణమి మధ్యాహ్నం కదా. మన కింద. భూమికి అవతల" అంది. "ఇది మనదే. వెనకబడ్డ పోటు."

అందరం కాళ్ళ కిందికి చూశాం. ఇంత వయసొచ్చిన నేనూ, మెహరున్నీసా గారూ కూడా నేల కేసి చూస్తూ నిలబడ్డాం. మా కాళ్ళ కింద అంత పెద్ద భూమి, దానికి అవతల చంద్రుడు. అతని మొహం మాకు కనబడదు, మా మొహం అతనికి కనబడదు. అయినా ఇక్కడ ఒక సముద్రం పైకి లేచి నిలబడింది.  ఇంత పెద్ద సంగతి ఒక చీపుళ్ళ గదిలో పట్టింది.

పోటు తీశాక ఆవిడ నిర్ణయం చెప్పారు. భవనంలో నిలిచినంత మేరకే విశ్వవిద్యాలయం. అంటే ఒక గది, దాని చుట్టూ ఉన్న నడవా. కొత్త సీట్లు అందులో పట్టినన్నే. ఇప్పుడున్న విద్యార్థులు ఒక్కొక్కరూ ఆ గదిలో నిలబడి, అడిగిన దానికి జవాబు చెప్పి, చెప్పిన దాన్ని నిలబెట్టుకుంటే వాళ్ళ చదువుకు గుర్తింపు. మొదటి పేరు మల్లాడి నూకరత్నం. ఆమె పరీక్ష అప్పటికే అయిపోయిందన్నారు ఆవిడ.

రాయుడు గారు గోపురం ఉన్న చోటు వైపు ఒకసారి చూశారు. "గదితోనే కదండీ మొదలెట్టింది" అన్నారు.

చివరగా ఆవిడ నా దగ్గరకొచ్చారు. ఆచార్యుల వరసలో నా పేరు ఉండటానికి వీల్లేదన్నారు. ఇక ఏ ఒడ్డునా ఏ శాస్త్రంగానూ కనబడకూడదన్నారు. తలూపాను. పడవ ఎక్కుతూ వెనక్కి తిరిగి, "ఆ అసూయ సంగతి ఎలా తట్టిందండీ మీకు?" అన్నారు. జవాబు కోసం ఆగలేదు.

బహుళ పాడ్యమి

నన్ను మేట మీద దింపాల్సిన పడవ పొద్దున్నే వచ్చింది. రాయుడు గారు దాన్ని పంపేసి నా చేతిలో బకెట్టు పెట్టారు. కొలువు పేరేమిటని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

గోడ తడుపుతుంటే నిన్న పడ్డ పొర ఆరి కనిపించింది. వేలు పెట్టి వెతికాను. ఎక్కువ సేపు పట్టలేదు. నిన్నటి దానికి కిందుగా, ఏకాదశి నాటి పొరలో, నా ఛాతీ ఎత్తున, ఒక గీత నున్నగా, హొయలు పోతూ వచ్చింది. అసూయ అన్నది అదే అయి ఉండాలి. వెంట్రుకంత సన్నగా ఉంది, నేనే చెప్పకపోతే ఎవరికీ కనబడదు. అది ఆగిన చోట, దాని మీదికెక్కి, బొటనవేలంత లావున ఇంకో గీత అడ్డం పడి ఉంది.

'తప్పండి' అన్నది అది.

దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వెనకనుంచి నూకరత్నం గొంతు వినబడింది. పోటుగేటుకు బయల్దేరుతోంది, మూట భుజాన ఉంది. వెళ్ళేముందు ఒక సంగతి అడగాలట. నదులన్నీ తియ్యటి నీళ్ళే తెస్తుంటే సముద్రం ఉప్పగా ఎందుకుందని.

ఈ ఒక్కటైనా నాకు తెలుసనుకునేవాణ్ణి. ఉప్పగా ఉంటుందని తెలుసు, ఎందుకో తెలీదు.

బకెట్టు కింద పెట్టి, గొంతు సవరించుకుని, చేతనైనంత పెద్ద అబద్ధం ఒకటి మొదలెట్టాను. ఆమె మూట దించింది.